ఆ ‘టిక్’ అయస్కాంతానిది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గ్యాస్ లేకుండా అయస్కాంతంతో నడిచే ఫ్రిజ్ గురించి వేసిన వ్యాసం చదివాను. సైన్సుకి సగం పేజీ ఇచ్చారు, సంతోషం, ఈ రోజుల్లో అదే ఎక్కువ. కాకపోతే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏ అయస్కాంతమైనా ఒక ఉష్ణోగ్రత దాటగానే ఒక్కసారిగా శక్తి పోగొట్టుకుంటుందని, ఇంట్లో రైస్ కుక్కర్ టిక్‌మనడమే దానికి సాక్ష్యమని రాశారు. మొదటి మాట అన్ని అయస్కాంతాలకీ నిజం కాదు, రెండోది అసలు సాక్ష్యమే కాదు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, పైగా సరిగ్గా ఇదే తప్పు చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే రాయకుండా ఉండలేకపోయాను. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, మీకు వీలున్నంత వేసుకోండి.

ముందు కుక్కర్ సంగతి. గిన్నె తీసి చూస్తే అడుగున మధ్యలో నాణెంలాంటి బిళ్ల కనిపిస్తుంది కదా, దాని కింద ఫెర్రైట్ ముక్క (ఇనుప ఆక్సైడుతో చేసే, అయస్కాంతానికి అంటుకునే పింగాణీలాంటి పదార్థం) ఉంటుంది. మాంగనీస్-జింక్ రకం ఫెర్రైట్‌లు ఇలాంటి పనికి వాడతారు. దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంత గుణం పోయే వేడి, 103 డిగ్రీల దగ్గర ఉండేలా తయారు చేస్తారు. మనం మీట నొక్కితే కింద నుంచి ఒక అయస్కాంతం పైకి లేచి ఆ ఫెర్రైట్‌ని అంటుకుంటుంది, ఒక స్ప్రింగ్ మాత్రం దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి 100 దాటి పెద్దగా పోదు. నీళ్లు ఇంకిపోయాక వేడి పైకి పాకుతుంది, ఫెర్రైట్ పట్టు సడలుతుంది, సడలి సడలి ఒక చోట స్ప్రింగ్‌ది పైచేయి అవుతుంది, టిక్. మనకి వినిపించింది స్ప్రింగ్ గెలిచిన చప్పుడు.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. మా ఇంట్లో పాడైపోయిన కుక్కర్ ఒకటి ఉంటే దాని అడుగు ఊడదీసి, స్ప్రింగ్ తీసేసి, ఫెర్రైట్ బిళ్లని వంటనూనె పోసిన చిన్న మూకుట్లో థర్మామీటర్‌తో సహా పెట్టి, బిళ్లకి అంటుకున్న అయస్కాంతాన్ని దారంతో కట్టి, ఆ దారాన్ని పైన కడ్డీ మీదుగా వేసి రెండో కొసకి కప్పు వేలాడదీసి, కప్పులో కొద్దికొద్దిగా ఇసుక పోస్తూ ఎంత బరువుకి అయస్కాంతం ఊడి వస్తుందో చూశాం, నేనూ ఇద్దరు పిల్లలూ. (చంపావతి ఏటి ఇసుక వాడండి. భోగాపురం వైపు తీరం ఇసుకలో నల్ల రేణువులుంటాయి, వాటిలో మాగ్నటైట్ ఉంటే అవి పోయి అయస్కాంతానికే అంటుకుని కూర్చుంటాయి.) 70 డిగ్రీల దగ్గర ఊడదీయడానికి రెండు గ్లాసుల ఇసుక పట్టింది. 90 దగ్గర ఒక గ్లాసు చాలింది. 98 దగ్గర పావు గ్లాసు. 103 దాటాక ఖాళీ కప్పు బరువుకే ఊడొచ్చేసింది. మళ్లీ చల్లారుతున్నప్పుడు కొలిస్తే ఇంచుమించు అవే లెక్కలు. కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత ఒంగుకుంటూ సాఫీగా దిగింది, ఎక్కడా మెట్టు లేదు. ఊడే చప్పుడు మాత్రం ప్రతిసారీ వచ్చింది. ఇసుక ఎంత పోస్తే టిక్ అంత ముందుకో వెనక్కో జరిగింది. మనం పోసే ఇసుకని బట్టి జరిగే టిక్ ఫెర్రైట్ గుణం ఎలా అవుతుంది?

అసలు వింత ఏమిటంటే మీ వ్యాసకర్త చెప్పదలచుకున్న ‘ఒక్కసారిగా’ అనే మార్పు అదే కుక్కర్లో ఉంది, కాకపోతే గిన్నెలో ఉంది. నీళ్లు ఆవిరవడం. ఎంత మంట పెట్టినా వేడి 100 దగ్గర ఆగి, ఇచ్చినదంతా గుప్తోష్ణంగా మింగేసి, నీరూ ఆవిరీ పక్కపక్కనే ఉంటూ మారతాయి. ఇలాంటి దాన్ని ఫస్ట్ ఆర్డర్ మార్పు అంటారు. ఫెర్రైట్‌ది సెకండ్ ఆర్డర్: గుప్తోష్ణం ఉండదు, అయస్కాంత గుణం సున్నా దాకా తెగకుండా దిగుతుంది. ఈ తరగతుల పేర్లు 1933లో ఎరెన్‌ఫెస్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టినవి. ఒకే కుక్కర్లో రెండు ఆర్డర్లూ, ఒకదాని మీద ఒకటి, మధ్యలో అల్యూమినియం గిన్నె. క్లాసులో చెప్పుకోడానికి ఇంతకంటే మంచి సామాను దొరకదు.

ఫస్ట్ ఆర్డర్‌కి ఇంకో గుర్తు వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి కావడం. పుష్యమాసంలో కొబ్బరినూనె సీసా చూడండి. గడ్డకట్టిన నూనె కరగాలంటే 24, 25 డిగ్రీలు కావాలి, అదే కరిగిన నూనె మళ్లీ గడ్డకట్టాలంటే అంతకంటే బాగా కిందికి దిగాలి. దీన్నే హిస్టరిసిస్ అంటాం. మాంగనీస్ ఆర్సెనైడ్ అనే పదార్థం ఉంది, అది అచ్చం ఇలాగే. వేడి చేస్తే 45 డిగ్రీల దగ్గర, అంటే మన రోహిణి ఎండకి కాలిన రేకుకి ఉండేపాటి వేడికే, అయస్కాంత గుణం గభాల్న పడిపోతుంది, దాంతోపాటు స్ఫటిక నిర్మాణం మారుతుంది, ఘనపరిమాణం సుమారు 2 శాతం కుంచించుకుపోతుంది. చల్లారుస్తే అదే 45 దగ్గర తిరిగి రాదు, ఇంకా కిందికి దిగాలి. ఇనుము (770 డిగ్రీలు), నికెల్ (సుమారు 355) రెండో బాపతు. గాడోలినియం కూడా అదే, దానిది సుమారు 20 డిగ్రీలు. ఒక ముక్క తీసుకెళ్లి శీతాకాలం తెల్లారగట్ల అరకులో అయస్కాంతానికి చూపిస్తే గట్టిగా పట్టుకుంటుంది, మధ్యాహ్నానికి విజయనగరం దిగాక ఆ పట్టు మెల్లగా జారిపోయి ఉంటుంది.

సరే, కొబ్బరినూనె అంటే కంటికి కనిపిస్తుంది. ల్యాబులో చేసిన నల్లటి బిళ్ల ఏ ఆర్డరో ఎలా తెలుస్తుంది? మన దగ్గర సాధారణంగా ఉండేది ఒకే ఒక్క డేటా. ఇంత వేడి దగ్గర, ఇంత అయస్కాంత క్షేత్రం పెడితే, బిళ్లలో ఇంత అయస్కాంతీకరణ వచ్చింది, అంతే. ఒక్కో ఉష్ణోగ్రతకీ ఒక్కో గీత.

1957లో ఆంథొనీ అరాట్ ఆ గీతల్ని ఇంకో రకంగా గీయమన్నారు. నిలువుగా అయస్కాంతీకరణ వర్గం, అడ్డంగా క్షేత్రాన్ని అయస్కాంతీకరణతో భాగిస్తే వచ్చేది. అలా గీస్తే క్యూరీ ఉష్ణోగ్రత చుట్టుపక్కల గీతలు దాదాపు వంకర లేని సరళరేఖలుగా, ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి, సున్నా గుండా పోయే గీత ఏ ఉష్ణోగ్రతదో అదే క్యూరీ ఉష్ణోగ్రత. 1964లో బెనర్జీ అదే బొమ్మని చూసి ఆర్డర్ కూడా చెప్పొచ్చన్నారు. గీతల వాలు పైకి ఉంటే సెకండ్ ఆర్డర్, ఎక్కడైనా వెనక్కి తిరిగి వాలు రుణాత్మకమైతే ఫస్ట్ ఆర్డర్. కారణం కూడా తేలికే. సెకండ్ ఆర్డర్ పదార్థంలో అయస్కాంతీకరణ పెరిగేకొద్దీ ఇంకా పెంచడం కష్టమవుతుంది, కడుపు నిండుతున్నవాడికి ఇంకో ముద్ద పెట్టినట్టు. ఫస్ట్ ఆర్డర్‌లో కొంత పెరిగాక మిగతాది తేలికైపోతుంది, బురదలో దిగబడ్డ బండి గట్టెక్కాక తనే ఉరికినట్టు. ఆ ‘తేలికైపోవడం’ గ్రాఫులో వెనక్కి తిరిగిన వంపుగా కనిపిస్తుంది.

మాంగనీసు అంటే మా ఇంటి సరుకు. మా నాన్నగారు గరివిడి వైపు గనుల్లో గుమస్తాగా చేసేవారు. అక్కడి ఖనిజంలో వ్రెడెన్‌బర్గైట్ అనేది ఉంది, అయస్కాంతానికి అంటుకుంటుంది, ఏ రాయి అంటుకుంటుందో ఏది అంటుకోదో చూడడమే చిన్నప్పుడు మా ఆట. ఆ ముచ్చటతోనే పీహెచ్‌డీకి మాంగనైట్లు తీసుకున్నాను: లాంథనం, మాంగనీసు, ఆక్సిజన్, మధ్యలో కొంచెం కాల్షియమో స్ట్రాన్షియమో. ఇందులో ఒక చక్కని సంగతి ఉంది. మూడో వంతు కాల్షియం కలిపితే సుమారు 260 కెల్విన్ దగ్గర ఫస్ట్ ఆర్డర్ మార్పు, దాని బదులు స్ట్రాన్షియం కలిపితే సుమారు 370 కెల్విన్ దగ్గర సెకండ్ ఆర్డర్. ఒకే గ్రూపులో ఒకదాని కింద ఒకటి ఉండే మూలకాలు, పరమాణువు సైజు వేరే, ఆర్డరే మారిపోయింది. దీన్ని 1999లో స్పెయిన్ పరిశోధకులు బెనర్జీ పద్ధతితోనే చూపించారు.

నాది స్ట్రాన్షియం బిళ్ల. ఇక్కడ కొలిచే మిషన్ లేదు, వేరే ఊళ్లో ఫీజు కట్టి స్లాట్ తీసుకోవాలి. విజయనగరం స్టేషన్లో రాత్రి రైలెక్కి, బిళ్లని చొక్కా జేబులో కుంకుమ భరిణెలో పెట్టుకుని వెళ్లాను. స్లాట్ ఒక్క రోజే. ఆపరేటర్ టైమ్ కలిసొస్తుందని నిమిషానికి 5 కెల్విన్ స్పీడుతో చల్లార్చి, అదే స్పీడుతో వేడి చేసేశాడు. రెండు గీతలకీ మధ్య 4 కెల్విన్ ఎడం. నాకైతే పండగే. హిస్టరిసిస్ ఉంది, ఇంకేం, ఫస్ట్ ఆర్డర్! స్ట్రాన్షియంలో ఫస్ట్ ఆర్డర్ అంటే కొత్త విషయం. గైడ్ గారు స్వీట్లు తెప్పించారు, సెమినార్లో చదివాం, పేపర్ పంపాం. రివ్యూ చేసినాయన నుంచి ఒక్క లైను వచ్చింది: ఉష్ణోగ్రత ఏ వేగంతో మార్చారు?

ఆ ఒక్క లైనుకి ఏడాది పట్టింది, ఎందుకంటే మళ్లీ స్లాట్, మళ్లీ ఫీజు, మళ్లీ రైలు. ఈసారి నిమిషానికి అర కెల్విన్ పెట్టించాను. ఎడం అర కెల్విన్ కంటే తక్కువకి వచ్చేసింది. వేగం పదో వంతయితే ఎడమూ పదో వంతయింది. అంటే ఆ 4 కెల్విన్‌లు బిళ్లవి కావు. థర్మామీటర్ ఒకచోట, బిళ్ల ఇంకోచోట, బిళ్ల వేడి ఇరవై సెకన్ల పైచిలుకు వెనకబడి వస్తోంది, అంతే. వెళ్లేటప్పుడు ఒక వైపుకి, వచ్చేటప్పుడు ఇంకో వైపుకి. నిజమైన హిస్టరిసిస్ అయితే ఎంత మెల్లగా వెళ్లినా కొంత మిగులుతుంది. తర్వాత అరాట్ గీతలు గీస్తే వాలు అన్నీ పైకే. నా బిళ్ల అందరి బిళ్లల్లాగే సెకండ్ ఆర్డర్. కుక్కర్ స్ప్రింగ్ చప్పుడుని అయస్కాంతానికి అంటగట్టిన మీ వ్యాసకర్తని నేను ఏ మొహం పెట్టుకుని తిడతాను?

అయినా గీతల వాలు చూసి మార్కులేసేయడం కూడా అంత భద్రం కాదు, మా పిల్లల ప్రాజెక్టుల్లో ఏటా చూస్తున్నాను. క్షేత్రం తక్కువగా ఉన్న చోట గీతలు ఎలాగూ వంకర పోతాయి, అక్కడ డొమైన్లు (బిళ్లలో ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉండే చిన్నచిన్న అయస్కాంత ప్రాంతాలు) తిరగడమే కనిపిస్తుంది తప్ప ఆర్డర్ కాదు. దాన్ని చూసి ఫస్ట్ ఆర్డర్ అని రాసేస్తారు. ఇంకొందరు బిళ్ల ఆకారం వల్ల లోపలి క్షేత్రం తగ్గుతుందన్న సవరణ చేయలేదని టెన్షన్ పడతారు. ఆ సవరణ చెయ్యాల్సిందే, కానీ ఈ గ్రాఫులో దానివల్ల గీతలన్నీ ఒకే దూరం పక్కకి జరుగుతాయి, వాలు మారదు. క్యూరీ ఉష్ణోగ్రత తప్పు రావచ్చు, ఆర్డర్ తప్పు రాదు. ఇక హిస్టరిసిస్ ఉన్న పదార్థమైతే ఒక గీత కొలిచాక మళ్లీ బాగా పైకి వేడి చేసి, పాత జ్ఞాపకం తుడిచేసి, అప్పుడు రెండో గీతకి రావాలి. అలా చెయ్యకుండా వరసగా కొలుచుకుంటూ పోతే సగం మారిన, సగం మారని స్థితిలో చల్లదనం లెక్కలు కట్టి గ్రాఫులో లేనిపోని పెద్ద శిఖరాలు తెచ్చుకుంటాం. 2004లో మాంగనీస్ ఆర్సెనైడ్‌కి ప్రచురించిన బ్రహ్మాండమైన చల్లదనం అంకెల మీద కొన్నేళ్లలోనే ఈ అభ్యంతరం వచ్చింది.

దీనికి తలకిందుల మోసం కూడా ఉంది, నా మటుకు నాకు ఇదే ఎక్కువ భయం. మూకుట్లో పేలాలు వేయించడం చూశారుగా. ఒక్కో గింజ టప్పున పేలుతుంది, దానికి మధ్యస్థం లేదు. మూకుడు మొత్తం చూస్తే మాత్రం తెల్లదనం మెల్లగా నిండుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే ఏ గింజ వేడి దానిదే. బిళ్లలో కాల్షియం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఇదే జరుగుతుంది: ప్రతి రేణువూ ఫస్ట్ ఆర్డరే, మొత్తం గీత మాత్రం సాఫీగా సెకండ్ ఆర్డర్‌లా నవ్వుతూ కూర్చుంటుంది. బెనర్జీ పద్ధతి సగటు క్షేత్రం అనే ఊహ (ప్రతి పరమాణువుకీ చుట్టూ ఉన్నవాటి సగటు ప్రభావమే తగులుతుందనుకోవడం) మీద, బిళ్ల అంతా ఒకేలా ఉందన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం లేని చోట అది కూడా తడబడుతుంది.

2018లో స్పెయిన్‌లోని సెవిల్, జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు కలిసి ఇంకో పరీక్ష చెప్పారు, నాకు నచ్చింది. అదే డేటా నుంచి ఎంట్రోపీ (లోపలి చిందరవందరతనానికి కొలత) మార్పు కట్టి, క్షేత్రం పెంచితే అది ఎన్ని రెట్లు పెరుగుతోందో చూడాలి. క్యూరీ ఉష్ణోగ్రతకి బాగా పైన క్షేత్రం రెండింతలు చేస్తే ఎంట్రోపీ మార్పు నాలుగింతలవుతుంది, అంటే ఘాతాంకం 2. సెకండ్ ఆర్డర్ అయితే క్యూరీ ఉష్ణోగ్రత దగ్గరికి వచ్చేకొద్దీ ఘాతాంకం పడిపోతుంది, సగటు క్షేత్రం లెక్కలో మూడింట రెండు వంతులకి, అంటే క్షేత్రం రెండింతలు చేసినా ఎంట్రోపీ మార్పు పెరిగేది ఒకటిన్నర రెట్ల పైచిలుకే. ఫస్ట్ ఆర్డర్ అయితే మార్పు జరిగే చోట ఘాతాంకం 2ని దాటి పైకి ఎగురుతుంది. దాటిందా లేదా, అదొక్కటే చూసుకోవాలి. అయితే కొలిచిన తీరు చెడితే ఇదీ చెడుతుంది, అందుకే మా పిల్లలకి గ్రాఫు కంటే ముందు ల్యాబు నోట్‌బుక్ చూపించమంటాను: ఏ వేగం, ఏ వరస, ఎక్కడి నుంచి వేడి తెచ్చారు.

మీ ఫ్రిజ్‌కి దీనితో ఏం పని అంటారా? మొత్తం పని దీనితోనే. క్షేత్రం పెడితే వేడెక్కి, తీస్తే చల్లబడే పదార్థమే ఆ ఫ్రిజ్‌కి గుండెకాయ. 1976లో అమెరికాలో బ్రౌన్ గది వేడి దగ్గర మొదటిసారి చేసిన అయస్కాంత శీతలీకరణ గాడోలినియంతో, సెకండ్ ఆర్డర్‌తో. చల్లదనం ఓ మోస్తరు, కానీ ఎన్నిసార్లు తిప్పినా అదే దారిలో వెళ్లి అదే దారిలో వస్తుంది. 1997లో పెచార్‌స్కీ, ష్నైడ్నర్ గాడోలినియంలో సిలికాన్, జెర్మేనియం కలిపిన ఫస్ట్ ఆర్డర్ మిశ్రమంలో అంతకంటే చాలా పెద్ద ప్రభావం చూపించారు, ప్రపంచమంతా అటు పరిగెత్తింది. కానీ ఫస్ట్ ఆర్డర్ అంటే హిస్టరిసిస్ వెంటే ఉంటుంది, ఫ్రిజ్‌లో సెకనుకి కొన్నిసార్లు క్షేత్రం పెట్టీ తీసీ చెయ్యాలి, ప్రతి చుట్టుకీ కొంత పని వేడిగా పోతుంది, మాటిమాటికీ కుంచించుకుని ఉబ్బి ముక్క పగుళ్లు తేలవచ్చు. రెండిటికీ సరిహద్దు దగ్గర పదార్థం కోసమే ఇప్పుడు వెతుకులాట. ‘అయస్కాంతాలన్నీ ఒక్కసారిగా’ అని రాస్తే ఈ వెతుకులాటే పాఠకుడికి అర్థం కాకుండా పోతుంది.

కాబట్టి వ్యాసం మొత్తం మార్చమనడం లేదు. ఆ వాక్యంలో ‘ఏ అయస్కాంతమైనా’ బదులు ‘కొన్ని పదార్థాలు’ అనండి, కుక్కర్ సాక్ష్యాన్ని ఉపసంహరించుకోండి, సవరణ ఒక మూల వేసినా చాలు. మీ విలేకరి నమ్మకపోతే ఒకసారి మా ల్యాబుకి పంపండి, సాయంత్రం నాలుగు తర్వాత ఉంటాను. ఫెర్రైట్ బిళ్ల, నూనె మూకుడు, ఇసుక అన్నీ బెంచీ మీదే ఉన్నాయి. గ్లాసు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోమనండి, మాది మా ఆవిడ వెనక్కి పట్టుకుపోయింది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
విజయనగరం.